పప్పుతో తీర్చుకున్న పగ

నేను పగబట్టిన మనుషులు మొత్తం పదకొండు మంది. అందులో ఎనిమిది మంది పోయారు. ఇద్దరి ముఖాలు గుర్తులేవు కాబట్టి క్షమించేశాను. మిగిలిన ఒక్కడు ఇంకా బతికే ఉన్నాడు, రోజూ పొద్దున ఆరింటికి యూనివర్సిటీ క్యాంపస్‌లో లైబ్రరీ వెనక సిమెంటు బెంచీ మీద కూర్చుని ఉంటాడు.

నిజం చెప్పాలంటే పదకొండు మంది లేరు. ఆ ఒక్కడే. ఒక్కడంటే పగ మరీ చిన్నగా కనిపిస్తుందని పెంచాను.

ఆయన జీవరసాయన శాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. గుంటూరు వైపు మనిషి, హైదరాబాదు వచ్చి నలభై ఏళ్ళు దాటింది. నేను అదే డిపార్ట్‌మెంట్‌లో సైంటిస్టుగా పనిచేశాను. సరే, సైంటిస్టుగా కాదు. ఆయన ల్యాబ్‌లో గాజు సామాను కడిగేవాణ్ణి, ద్రావణాలు కలిపి సీసాల మీద చీటీలు అంటించేవాణ్ణి. ఆయన నన్ను సర్వీసంతా 'ఏమయ్యా' అని పిలిచాడు. ఇద్దరం రిటైరై, ఇద్దరం తార్నాకలోనే ఇళ్ళు చూసుకుని, ఇద్దరం ఒకే బెంచీ మీద పెన్షన్ కబుర్లు చెప్పుకునే రోజులొచ్చినా ఆ 'ఏమయ్యా' మాత్రం రిటైరు కాలేదు.

పగ అందుకు కాదు. అది చాలదు.

మా ఆమె పదేళ్ళ కింద గురుబోధ తీసుకున్నది. మా వైపు వ్యవసాయం చేసే ఇళ్ళల్లో ఇది మామూలే. గురువు చెవిలో మంత్రం చెప్తాడు, ఆ రోజు నుంచి మాంసం, గుడ్డు, కల్లు అన్నీ బంద్. అంతకుముందు ఆదివారం ఆదివారం మా వంటింట్లోంచి వచ్చే వాసనకు వీధి చివరి కుక్క కూడా మా గేటు ముందే కూర్చునేది. ఆమె మానేసింది, ఆమె వంటిల్లు కాబట్టి నేనూ మానేశాను. నేనూ భక్తితోనే మానేశానని అందరికీ చెప్తాను. వండిపెట్టే మనిషి లేక మానేశాను.

పోయిన ఏడాది ఎండాకాలం ముందు ఒక రోజు, మా గల్లీలో తోపుడు బండి పక్కన నేల మీద కుప్పపోసిన చిక్కుడుకాయలు ఏరడానికి ఆమె గొంతుక్కూర్చున్నది. లేవలేకపోయింది. చెయ్యి నేల మీద ఆనించి బలం పెట్టింది, మోకాలు తిరగలేదు, పక్కకు ఒరిగి పడిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు చెరో రెక్కా పట్టుకుని లేపి ఇంటికి తెచ్చారు. నేను ఆ టైముకు టీవీ ముందు ఉన్నాను.

డాక్టరు ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు చూశాడు. ఎముక విరగలేదన్నాడు. కిడ్నీలు బాగున్నాయన్నాడు. తొడల కండ కరిగిపోయింది, రక్తంలో ప్రోటీన్ తక్కువున్నది అన్నాడు. "గుడ్డు తింటే సులువు. తిననంటే పప్పులు, పాలు, సోయా గట్టిగా తినాలి, రోజూ కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. మూడు నెలల తర్వాత చేతులు ఆనించకుండా ఐదుసార్లు లేవగలగాలి. లేదంటే మళ్ళీ పడుతుంది. ఈసారి తుంటి విరుగుతుంది."

మల్కాజ్‌గిరిలో ఉండే మా బిడ్డ ఆ సాయంత్రమే ముప్పై గుడ్ల ట్రే పట్టుకుని దిగింది.

"అవ్వా, మందనుకొని తినరాదే. మందుకు బోధేంది?"

"గురువు చేతిల చెయ్యేసి మాటిచ్చిన బిడ్డా. గుడ్డు తిని ఏ ముఖం పెట్టుకొని గురుపున్నానికి ఆ గడప తొక్కాలె?"

"కాళ్ళే లేకపోతే గడపేం తొక్కుతవ్?"

మా ఆమె చాలాసేపు మోకాళ్ళ మీద కొంగు సర్దుకుంటూ కూర్చున్నది. చివరకు అన్నది: "మూడు నెలలు జూద్దాం. గప్పటికి లేవకపోతే తింట. తిని, గురువుకు చెప్పి, మళ్ల ఆడికి పోను."

అంటే మూడు నెలల్లో అయితే కాళ్ళు, లేదంటే మాట. రెండూ ఉండాలంటే ఆ వంటింట్లోనే ఏదో జరగాలి. ట్రేని బిడ్డ వెనక్కి తీసుకుపోలేదు, అలమారాలో పెట్టి పోయింది.

మర్నాడు బెంచీ దగ్గర ఈ సంగతి చెప్పడమే నేను చేసిన తప్పు. నలుగురు పెన్షనర్లు ఉన్నారు. ప్రొఫెసరు కాలు మీద కాలేసుకుని విన్నాడు.

"ఏమయ్యా, నేనెప్పుడో అనుకున్నాను. పప్పులో ఒక అమైనో ఆమ్లం తక్కువ, బియ్యంలో ఇంకోటి తక్కువ. మీ శాకాహారమంతా సగం ప్రోటీనేనయ్యా! నన్ను చూడు. మా ఆవిడ పొద్దున్నే రెండు గుడ్లు ఉడకబెట్టి చేతికిస్తుంది, తిని బయల్దేరతాను. నీకెందుకా తంటా? దోసెపిండిలో ఒక గుడ్డు కొట్టి కలిపెయ్యి. ఆవిడకేం తెలుస్తుంది? గురువుగారికేం తెలుస్తుంది?"

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. పగ పుట్టింది అక్కడే. ఇంటికెళ్ళే దారిలో ఆయన్ని ఎన్ని రకాలుగా మట్టి కరిపించాలో లెక్కేసుకుంటూ తార్నాక చౌరస్తా సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు కూడా చూసుకోలేదు. ఆడమనిషి వ్రతాన్ని దొంగతనంగా చెడగొట్టమంటాడా! ఇంత నీచమైన ఆలోచన మనిషికి ఎలా వస్తుంది!

ఎలా వస్తుందో నాకు తెలుసు. ఆ సాయంత్రం ఆమె పడుకున్నప్పుడు నేను అలమారా తెరిచి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. దోసెపిండి పక్కనే ఉన్నది. గుడ్డు చల్లగా, నున్నగా ఉన్నది. పిండి గిన్నె అంచుకు ఒకసారి తాకించాను కూడా. పగలలేదు. మళ్ళీ తాకించలేదు. ట్రే మొత్తం పక్కింటివాళ్ళకు ఇచ్చేసి, అంతా ఆయన వల్లే అనుకున్నాను. నా చేతిలోకి ఆ గుడ్డు ఆయన మాట వల్లే వచ్చిందని ఇప్పటికీ అనుకుంటున్నాను. నలభై ఏళ్ళ 'ఏమయ్యా'ను ఓర్చుకోవచ్చు, దీన్ని ఓర్చుకోలేను.

పగకు ఆయుధం కావాలి. అది నా చెవుల్లోనే ఉన్నది. ఆయన క్లాసులో పాఠం చెప్తుంటే వెనక సింకు దగ్గర టెస్ట్ ట్యూబులు కడుగుతూ నేను ఏటా విన్నాను. బియ్యంలో తక్కువైనది పప్పులో ఎక్కువ, పప్పులో తక్కువైనది బియ్యంలో, నువ్వుల్లో ఉన్నది. రెండు సగాలు కలిస్తే నిండు. ఒకే ముద్దలో కలవాల్సిన పని లేదు, ఆ రోజులో ఎప్పుడు కలిసినా ఒళ్ళు కలుపుకుంటుంది. సోయా, పాలు, పెరుగు ఒంటరిగానే నిండు. ఇదంతా ఆయన నోటి మాటే! బెంచీ మీద నవ్వించడానికి సగం పాఠం చెప్పి, సగం మింగేశాడు. ఆ మింగిన సగాన్ని కక్కించాలి. అదీ ఎట్లా? మా ఆమె ఆ బెంచీ దాకా నడిచి రావాలి, ఆయన ముందు కూర్చోవాలి, చేతులు ఆనించకుండా లేవాలి. అప్పుడు నేను మాట్లాడాలి.

వంటింటిని ల్యాబ్ చేశాను. పప్పు కొలత రెండింతలు చేయించాను. పొద్దున గుడాలు, అంటే పెసలో బొబ్బర్లో ఉడకబెట్టి పోపేసినవి. మధ్యాహ్నం అన్నం, ముద్ద పప్పో పప్పుచారో, గడ్డ పెరుగు. కూరలో మీల్ మేకర్. సాయంత్రం సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు అద్ది కాల్చే ఆ రొట్టెను మా అవ్వ, నన్ను కన్న తల్లి, ఏ పాఠమూ వినకుండానే చేసేది. ప్రొఫెసరు చెప్పిన కలయికలన్నీ అందులో ఉన్నాయి. ఇదంతా నేనే వండానని బెంచీ దగ్గర చెప్పాను. ఆమే వండింది, స్టూలు మీద కూర్చుని. నేను పక్కన నిలబడి గొప్పలు పోయాను.

మూడు వారాలు గడిచాయి. ఆమె కుర్చీలోంచి లేవలేదు. చేతులు ఆనించకుండా ఒక్కసారి కూడా లేవలేదు. నాకేమో పొట్ట పెరిగింది.

అప్పుడు నాకు భయం పట్టుకున్నది. ఆయన చెప్పిందే నిజమా? నా వంటిల్లు నిజంగానే సగమా? ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ల్యాబ్ నుంచి తెచ్చుకున్న మెజరింగ్ సిలిండర్ బయటికి తీశాను. రిటైరైన రోజు డిపార్ట్‌మెంట్ వాళ్ళు గౌరవంగా బహూకరించారని అందరికీ చెప్పే సిలిండర్ అది. పారేసే పెట్టెలోంచి, అంచు పగిలినదాన్ని, శాలువాలో చుట్టి నేనే తెచ్చుకున్నాను. నా గిన్నెలోని పప్పుచారు అందులో పోసి కిటికీలో పెట్టాను. అరగంటకు పప్పు అడుగున దిగింది. సగానికి పైగా పచ్చగా, గట్టిగా. భేష్ అనుకున్నాను. ఇది ఫోటో తీసి ఆయన ముఖాన పెట్టాలి.

కానీ ల్యాబ్‌లో ఒక్క నమూనాను ఎవరూ నమ్మరు. రెండోది కావాలి. ఆమె తర్వాత తినడానికి తీసి పెట్టుకున్న గిన్నెలోది తీసి, సిలిండర్ కడిగి పోశాను.

అరగంట తర్వాత చూస్తే పైనంతా పసుపు నీళ్ళు. అడుగున చిటికెన వేలి గోరంత పప్పు.

"ఏమే, ఇదేంది?"

"పప్పుచారు."

"గిది పప్పుచారా? గిన్ని నీళ్ళేంది? ఒక్క గిన్నెలదే గదా రెండూ?"

ఆమె నన్ను తెలివిలేనివాణ్ణి చూసినట్టు చూసింది. "అడుగుది నీకు, పైన తేట నాకు. ఎప్పుడైనా గంతే గదా."

"ఎప్పటి సంది?"

"వచ్చిన కాడి నుంచి. మీ అవ్వ నేర్పింది. మొగోనికి పోసేటప్పుడు గంటె అడుగు దాక దించాలె, మనకు పైపైన తీసుకోవాలె అని. దానికేందయ్యా గట్ల జూస్తున్నవ్? పెరుగు మీద మీగడ గూడ నీదే. ఇంతకాలం తిన్నవ్ గదా, తెల్వదా?"

తెలియదు. నిజంగా తెలియదు. నలభై రెండేళ్ళు ఒకే కుండలోంచి ఇద్దరం తింటున్నామనే అనుకున్నాను. మాంసం తిన్న రోజుల్లో కూడా ముక్కలు నాకు, పులుసు ఆమెకు వెళ్ళి ఉంటుంది. గురుబోధ తర్వాత ఆ పులుసు కూడా పోయింది. పప్పు కొలత రెండింతలు చేస్తే ఆ రెండో ఇంత కూడా నా గిన్నెలోకే వచ్చింది. పాఠంలో తప్పు లేదు, పప్పులో లేదు, గురుబోధలో అసలే లేదు. ఆమె తొడల కండ ఎక్కడికి పోయిందో నా పొట్ట తడిమి చూసుకుంటే తెలుస్తున్నది.

కొన్ని రోజులు మా అవ్వ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, అందదు. పైగా ఆమె కూడా జీవితమంతా తేటే తాగి ఉంటుంది. పగ ఎటు తిప్పినా తిరిగి నా దగ్గరికే వస్తున్నది. అది భరించలేక మళ్ళీ ప్రొఫెసరు మీదికే తోశాను. ఎందుకంటే ఆయనైతే అలవాటు.

ఆ రోజు నుంచి వడ్డన నాది. గంటెతో అడుగు దాకా కలిపి ముందు ఆమె గిన్నెలో పోసేవాణ్ణి.

"ఎవలన్న జూస్తే నవ్వుతరు. మొగోడు వడ్డిస్తడా?"

"నవ్వనీ. తిను."

"ఇంత గట్టిగ నాకు మింగవడదు."

"నలభై రెండేండ్లు నాకు మింగవడ్డది. తిను."

తినేది. సగం తిని, మిగిలింది నా గిన్నెలో వేయబోయేది. చెయ్యి పట్టుకునేవాణ్ణి. తర్వాత కుర్చీ. పది సార్లు లేవాలి. నేను ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కలిసి లేచేవాణ్ణి. తోడుగా చేశానని చెప్పుకుంటాను. నిజానికి మొదటి రోజు నాకూ చేతులు ఆనించకుండా రాలేదు, అందుకే చేశాను. ఆమె ఒకరోజు ఒకసారి లేచింది. ఇంకో వారానికి రెండు. ఒకరోజు కోపంతో లేచింది, నేను లెక్క తప్పు చెప్పానని.

మూడు నెలలకు డాక్టరు ముందు ఇరవై సార్లు లేచింది. ఐదు సార్లు. ఐదోది గోడ వైపు చూస్తూ, పళ్ళు బిగబట్టి, చాలా మెల్లగా. మా బిడ్డ ముఖం తిప్పుకుని ఫోను చూసుకున్నది. ఫోను ఆన్ అయి లేదు. "ఏది తింటున్నారో అదే తినండి" అన్నాడు డాక్టరు. బయటికొచ్చాక మా ఆమె ఒక్కటే అడిగింది: "గురుపున్నానికి బస్సు ఏడికెళ్ళి ఎక్కాలె?"

మరుసటి ఆదివారం నేను పగ తీర్చుకున్నాను.

క్యాంపస్ గేటు దాకా ఆటో, అక్కణ్ణుంచి చెట్ల కింద నడక. బెంచీ మీద నలుగురూ ఉన్నారు, ప్రొఫెసరు మధ్యలో. మా ఆమెను చూసి జరిగి చోటిచ్చాడు. "రా అమ్మా, కూర్చో." ఆమె కూర్చున్నది. నేను నిలబడే ఉన్నాను. మూడు నెలలు అద్దం ముందు చెప్పుకున్న మాటలు మొదలుపెట్టాను. బియ్యంలో ఏది తక్కువ, పప్పులో ఏది ఎక్కువ, నువ్వులు ఎందుకు, ఒకే ముద్దలో ఎందుకు అక్కర్లేదు. ఒక్క మాట తడబడలేదు.

"ఎవరు చెప్పారయ్యా నీకిది?"

"మీరే సార్. ఏటా జూలై నెలల. నేను వెనక ట్యూబులు కడుగుతుంటి."

నేను మా ఆమెకు సైగ చేశాను. ఆమె చేతులు కట్టుకుని లేచి నిలబడింది. ఆ బెంచీ మా కుర్చీ కన్నా కిందికి ఉంటుంది.

"ఇప్పుడు మీరు లేవండి సార్. చేతులు ఆనించొద్దు. రోజుకు రెండు గుడ్ల బలమున్నది గదా."

అందరూ నవ్వారు. ఈసారి నవ్వు నా వైపు ఉన్నది. ఆయన లేవబోయాడు. సగం లేచి కూలబడ్డాడు. మళ్ళీ. ముఖం ఎర్రబడింది. నాకెంత సుఖంగా ఉన్నదో రాస్తే నా గురించి చెడ్డగా అనుకుంటారు. చాలా సుఖంగా ఉన్నది.

"సారుకు చెయ్యియ్యి" అన్నది మా ఆమె.

ఇచ్చాను. లేదు, ఇవ్వలేదు. రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను. ఆమే చెయ్యిచ్చింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని లేచాడు. లేచి కాసేపు వదల్లేదు.

"ఏం పెట్టావయ్యా ఈవిడకి?" ఈసారి ఎగతాళి లేదు ఆ గొంతులో. "మా ఇంట్లోనూ పప్పే కదా. మా ఆవిడ సోఫాలోంచి లేవలేకపోతోంది. రెండు నెలలైంది. నేను ఎవరికీ చెప్పలేదు."

మా ఆమె నా వైపు చూసింది. ఒక్క మాట అబద్ధం చెప్తే చాలు, 'అంతా మీ పాఠమే సార్' అని దండం పెట్టి వచ్చేయొచ్చు. నా గెలుపు నాకు మిగులుతుంది. కానీ ఆయనకు తగిలేది ఏదో నాకు అప్పుడు తెలిసిపోయింది. అది ముందు నాకు తగిలిందే.

"సార్, ఇంటికి పోయి మేడమ్‌గారి పళ్ళెం జూడండి. మీ పళ్ళెం గాదు. ఆమె గిన్నెల పప్పు ఎంతున్నదో జూడండి. నేను నలభై రెండేండ్లు చూడలే."

జాలిపడి చెప్పానని రాసుకోవచ్చు. కసితో చెప్పాను. ఇంటికెళ్ళి తన ముఖం తానే చూసుకోవాలని చెప్పాను.

మర్నాడు ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. మిగతావాళ్ళు ఇంకా రాలేదు.

"తేటేనయ్యా" అన్నాడు. "ఉత్త తేట. గుడ్డు వాసన పడదంటుంది. అది నాకూ తెలుసు, పెళ్ళైనప్పటి నుంచీ తెలుసు. పడనివాళ్ళకి పెరుగైనా గట్టిది వెయ్యాలని నేనెప్పుడూ అనుకోలేదు."

"ఇప్పుడెవరు వడ్డిస్తున్నరు సార్?"

"నేనే. గంటె పట్టుకుంటే విచిత్రంగా చూస్తోంది. ఇన్నాళ్ళకి ఎవరు చెప్పారండీ మీకు, అని అడిగింది."

"ఏం జెప్పిన్రు?"

ఆయన చెట్ల వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "నేనే కనిపెట్టానని చెప్పాను. పరిశీలన మీద."

నా సిలిండర్! నా రెండు నమూనాలు! నా నలభై రెండేళ్ళ సిగ్గు!

మా ఆమెకు చెప్తే, పోనీలే, ఆమెకు పప్పు అందుతున్నది గదా అన్నది. అందుతున్నది, సంతోషమే. కానీ ఆ అమ్మగారు వారపత్రికలు, పుస్తకాలు ఏదీ వదలకుండా అట్ట నుంచి అట్ట దాకా చదువుతారని ప్రొఫెసరే ఒకప్పుడు గొప్పగా చెప్పాడు. అందుకే ఇదంతా కూర్చుని రాశాను. ఇందులో ఎవరి పేరూ లేదు. అమ్మా, మీకు పేరు అవసరం లేదు.